తెర మీది మేడం

గరిడేపల్లి హైస్కూలుకు డిజిటల్ తెర వచ్చాక జానకిరాములు సారు సుద్దముక్క ముట్టలేదు. పొద్దున్నే జేబులోని దస్తీతో తెర తుడుస్తాడు, ఒక మేడం చెప్పే సైన్సు పాఠం వీడియో పెడతాడు, బొజ్జ మీద చేతులు కట్టుకుని ఫ్యాను కింద కునుకు తీస్తాడు. మొన్న తొమ్మిదో తరగతి దేవిక లేచి, "సారూ, నీళ్లల్ల రాయి తేలిక ఎందుకైతది? రేపు పరీక్షున్నది, జర మీరు చెప్పుండ్రి" అంది. సారు ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"నాకంటె ఆ మేడమే మంచిగ చెప్తది, మళ్ల సూడు" అంటూ అదే వీడియోను మొదటికి తిప్పాడు. దేవిక నిలబడే చివరిదాకా చూసింది.

"అర్థమైందా పిల్లలూ?" అని అడిగింది తెర మీది మేడం.

"కాలే మేడం" అంది దేవిక.

"శభాష్!" అని మేడం తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయింది.

"సూసినవా, ఎంత ఓపికనో!" అని సారు మళ్లీ కళ్లు మూసుకున్నాడు.