రెండో బేస్‌మెంట్‌లో కుర్చీ బిల్లు

రాయదుర్గంలో ఒక పన్నెండంతస్తుల భవనం. దాని రెండో బేస్‌మెంట్‌లో, కార్లు దిగే వాలు దగ్గర, పుల్లయ్య నిలబడతాడు. ఈ భవనం కట్టేటప్పుడు ఇక్కడే ఇసుక జల్లించాడు. అప్పుడు మధ్యమధ్యలో కూర్చునేవాడు. కట్టడం అయ్యాక కాపలాకు కుదిరాడు. కాపలావాడు కూర్చోకూడదు. వయసు యాభై ఎనిమిది. రెండు మోకాళ్లలో కుడిది మాట వినదు.

అతనికి కావలసింది ఒక కుర్చీ.

కాపలావాళ్లు అన్నం తినే గదిలో గోడకు పాత టీవీ ఉంది. రిమోట్ పోయింది. మీటలు ఊడిపోయాయి. పార్లమెంటు సమావేశాలు చూపించే చానెల్ దగ్గర అది ఆగిపోయింది. మిగతావాళ్లు అందులో టైము మాత్రం చూసుకునేవారు. పుల్లయ్య నాలుగేళ్లు సభ చూశాడు. సభ లేని రోజుల్లో పాత సభ వేసేవారు. అదీ చూశాడు.

అలా అతనికి కొన్ని సంగతులు తెలిశాయి. దేశానికి రెండు సభలు. లోక్‌సభను జనం ఎన్నుకుంటారు. గడువు తీరితే సభ మొత్తం ఒక్కసారే రద్దవుతుంది. రాజ్యసభ రద్దు కాదు. రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు, వాళ్ల చోట వేరేవాళ్లను రాష్ట్రాల ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. బిల్లు రెండు సభలూ దాటాలి. ఆపైన రాష్ట్రపతి సంతకం.

ఒక మధ్యాహ్నం అన్నం ముద్ద చేతిలో ఉండగా పుల్లయ్య ఆగిపోయాడు. కాపలావాళ్లు పదకొండు మంది. ఏజెన్సీ కాంట్రాక్టు తీరితే పదకొండు మందీ ఒక్కసారే పోతారు. ఊడ్చే ఆడవాళ్లు తొమ్మిది మంది. వాళ్ల కాంట్రాక్టరు మారడు. ఏడాదికోసారి ముగ్గురిని వేరే భవనానికి పంపి ముగ్గురిని తెస్తాడు.

"నర్సన్నా, మనం లోక్‌సభ" అన్నాడు, పక్కన తింటున్న బాలనర్సయ్యతో. కాపలావాళ్లలో అతనే పెద్దవాడు.

"తొక్కు ఇటియ్యి" అన్నాడు బాలనర్సయ్య.

భవనం మేనేజరు రామాంజనేయులు అనంతపురం మనిషి. కుర్చీ సంగతి అడిగితే ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "నీకొకనికే ఇస్తే ఇంగొకడు అడుగుతాడప్పా. అందరూ ఒక మాట మీదికొచ్చి కాయితం రాసి తీసకరాండి. సూద్దాం."

వదిలించుకోవడానికి అన్న మాట అది. పుల్లయ్య దాన్ని రాష్ట్రపతి ప్రసంగంగా తీసుకున్నాడు.

నార్సింగిలో కిరాయి గది. అతని భార్య లచ్చమ్మ బియ్యం ఏరుతూ విన్నది. "ఇంట్ల స్టూలున్నది. ఎత్తుకపో."

"స్టూలైతే గుంజుకుంటరు. చట్టమైతే గుంజుకోరు."

లచ్చమ్మ ఒక రాయి ఏరి బయటికి విసిరింది.

బిల్లులో రెండు క్లాజులు. ఒకటి: వాలు దగ్గర ఒక కుర్చీ ఉండవలెను. రెండు: అక్కడ డ్యూటీలో ఉన్నవాడు అందులో కూర్చొనవచ్చును. ఆరో అంతస్తులో మూతపడిన కంపెనీ కుర్చీలు చెత్తగదిలో గుట్టగా ఉన్నాయి. కొనే పని లేదు. కనుక ఇది ద్రవ్య బిల్లు కాదు. ద్రవ్య బిల్లయితే పై సభ అడ్డుకోలేదు. సలహాలు చెప్పి పద్నాలుగు రోజుల్లో తిప్పి పంపాలి. పై సభ అంటే ఊడ్చే ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద గంగమ్మ, ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. పుల్లయ్య కాసేపు కుర్చీ కొనిపించే ఉపాయం కూడా ఆలోచించాడు.

అన్నం తినే గదిలోనే సభ పెట్టారు. బాలనర్సయ్య స్పీకరు. పద్ధతి ప్రకారం ప్రతిపక్షం అతని ఎడమ పక్క కూర్చుంది. వాళ్లు పై గేటువాళ్లు. వాళ్లకు కుర్చీ రాదు. బాలనర్సయ్యకు ఎడమ చెవి వినపడదు. ఇది రాజ్యాంగం ఊహించని సౌకర్యం.

మొదటి పఠనంలో బిల్లు పేరు చదివారు. అంతే. అందరూ చేతులు కడుక్కున్నారు. తర్వాత బిల్లు కమిటీకి వెళ్లింది. ముగ్గురు సభ్యులు చెత్తగదిలో ఒక కుర్చీ లాగి, వంతులవారీగా కూర్చుని చూశారు. ఒకడు నిద్రపోయాడు. నివేదిక వచ్చింది: కుర్చీ మంచిది, ఎడమకు ఒరుగుతుంది.

మూజువాణి ఓటు బేస్‌మెంట్‌లో పెట్టడం పొరపాటు. "కాదు" అన్నది నలుగురే. గోడలు ఆ మాటను నాలుగుసార్లు తిప్పి పంపాయి. స్పీకరు కుడి చెవికి పదహారు వినపడ్డాయి.

"పదకొండు మందిల పదహారు మంది ఎట్ల వద్దంటరు నర్సన్నా?"

"నాకేం ఎరుక. వినబడ్డది జెప్పిన."

పుల్లయ్య డివిజన్ అడిగాడు. చెంచాలు ఎత్తి లెక్కపెట్టారు. స్పీకరు చెంచా ఎత్తలేదు. సరిసమానమైతేనే అతనికి ఓటు. ఆరు, నాలుగు. బిల్లు నెగ్గి పై సభకు వెళ్లింది.

గంగమ్మ కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. "చూస్తం లే అన్నా."

ఆ వారమే నోటీసు వచ్చింది. నెలాఖరుకు ఏజెన్సీ కాంట్రాక్టు రద్దు. పుల్లయ్య కాలు ఈడ్చుకుంటూ మూడో అంతస్తుకు పోయాడు. గంగమ్మ లిఫ్టు ముందు నేల తుడుస్తోంది.

"గంగమ్మా, బిల్లు సచ్చిపోతది."

"బిల్లు సస్తే ఏమాయె. కొలువు ఉంటదా, అది చూస్కో."

"కొలువుకు ఫికర్ లేదు. కొత్త ఏజెన్సీ పాతోళ్లనే తీస్కుంటదంట. బిల్లే ఉండదు. మేం పాస్ చేసి మీకు పంపినం. ఇగ మా సభ రద్దయితే, మీ దగ్గరున్నా సరే, అది పోతది."

"ఏం కథ అన్నా నీది! మరేం జెయ్యాలె?"

"మీరే కొత్తగ పెట్టుండ్రి. మీ సభల పుట్టిన బిల్లు మా దాకా రాకముందు మా సభ పోయినా, అది పోదు. మీ తాన పదిలంగ ఉంటది."

గంగమ్మ మాపుకర్ర గోడకు ఆనించింది. "అంటే బిల్లు మాది."

"మీదే."

"మాదైతే మూడో మాట నేను రాయిపిస్త. మధ్యాన్నం మూడింటికెళ్లి మూడున్నర దాక, మేం చాయ్ తాగే టైముల, కుర్చీ మాది. మావోళ్లు వంతులు బెట్టుకుంటరు."

కుడి మోకాలు కలుక్కుమంది. పుల్లయ్య రాసుకున్నాడు.

నెలాఖరున లోక్‌సభ రద్దయింది. పదకొండు మందీ గచ్చిబౌలిలో కొత్త ఏజెన్సీ ఆఫీసు ముందు వరుస కట్టారు. తొమ్మిది మంది తిరిగి గెలిచారు. నీలం చొక్కా పోయి బూడిదరంగు చొక్కా వచ్చింది. చెత్తగదిలో కమిటీ సభ్యుడిగా నిద్రపోయినవాడు ఓడిపోయాడు. పై సభలో బిల్లు పదిలంగా ఉంది, గంగమ్మ జాకెట్టులో, కొంచెం తడిగా. అక్కడ ఊడ్చే ఆడవాళ్లు తొమ్మిది మందీ అవునన్నారు. కొత్త లోక్‌సభ ముగ్గురు కాదంటున్నా ఆమోదించింది.

రామాంజనేయులు కాగితాన్ని తొమ్మిది రోజులు సొరుగులో ఉంచాడు. తర్వాత పెన్సిల్‌తో "ఎందుకు?" అని రాసి తిప్పి పంపాడు. రెండు సభలూ అక్షరం మార్చకుండా మళ్లీ ఆమోదించాయి. పుల్లయ్య స్వయంగా తీసుకుపోయాడు.

"సారు, మీరు ఒక్కసారే తిప్పి పంపొచ్చు. మల్ల వస్తె సంతకం పెట్టాల్సిందే."

"ఎవరు సెప్పినారప్పా నీకు?"

"టీవీల వచ్చింది సారు."

రామాంజనేయులు కాగితం చదివాడు. రెండోసారి చదివాడు. "ఏమప్పా పుల్లయ్యా, ఆ చెత్తగదిలో నలభై కుర్చీలుండాయి. ఒగటి లాక్కోని కూర్చోని ఉంటే ఎవరు సూసేది?"

పుల్లయ్య బిత్తరపోయాడు. "చట్టం లేకుండనా సారు?"

మేనేజరు ఆకుపచ్చ పెన్ను తీసి సంతకం పెట్టాడు.

కుర్చీ సోమవారం మధ్యాహ్నం రెండు యాభైకి వాలు దగ్గరికి చేరింది. తుడిచి, సరిచేసి, దాని చుట్టూ ఒకసారి తిరిగేసరికి మూడయింది. ఆడవాళ్లు చాయ్ గ్లాసులతో దిగారు. వంతు గంగమ్మది. ఆమె అతని మొహం చూసింది.

"ఇయ్యాల నువ్వు కూసో అన్నా. మొదటి దినం. నేనేమనుకోను."

"వద్దు. మూడో క్లాజు."

"రాయిపిచ్చినదాన్ని నేనే చెప్తున్న గదా, కూసో."

"నువ్వు చెప్తె కాదు. సవరణ పెట్టాలె. రెండు సభలు దాటాలె."

"దేవుడా" అని గంగమ్మ కూర్చుంది. చాయ్ నిదానంగా తాగింది. పుల్లయ్య పక్కనే నిలబడ్డాడు, ఎడమ కాలి మీద. ఒక కారు దిగింది. సెల్యూట్ చేశాడు.

మూడున్నరకు ఆమె లేచింది. అతను కూర్చున్నాడు. కుర్చీ ఎడమకు ఒరిగింది, కమిటీ నివేదికలో రాసినట్టే.