తొమ్మిదింబావు బండి మాస్టారు

సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళ సొంత లైను కాబట్టి, రైలు కూడా మా ఇంటి ఎడ్లబండిలా పిలిస్తే ఆగుతుందనుకున్నాను. డెబ్బైల చివర్లో నందిగామ నుంచి వచ్చి, జగ్గయ్యపేట దగ్గరి ఆ చిన్న స్టేషన్లో మాస్టారికి సహాయకుడిగా చేరిన నా తెలివి అంత!

రాళ్ళ వ్యాగన్ల వెనక కూలీలకు ఒకటే పెట్టె. దానికే మాస్టారు కోటు గుండీలన్నీ పెట్టుకుని, గడియారం చూసుకుంటూ నిలబడేవారు. తొమ్మిదింబావు కాగానే పచ్చజెండా లేచేది.

చేరిన వారానికి నన్ను ఆ బండిలో క్వారీకి వెళ్ళిరమ్మన్నారు. నేను టీకొట్టు దగ్గర్నుంచి, “ఒక్క గుక్క, మాస్టారూ!” అని అరిచాను. బండి వెళ్ళిపోయింది. ఎండలో నాలుగు మైళ్ళు నడిచాను.

“మనవాణ్ణేగదండీ, ఆపకూడదా?” అన్నాను సాయంత్రం.

“నీకోసం ఆపితే రేపు మేనేజరుగారి కోసం ఆపాలి. పెట్టెలో కూర్చున్నోళ్ళకేం చెప్తావోయ్?”

తర్వాతొకసారి మేనేజరుగారి జీపు దుమ్ము లేపుకుంటూ వస్తున్నా నిజంగానే ఆపలేదు. ఆ రోజు మా స్టేషను నా కంటికి బెజవాడ జంక్షనంత కనిపించింది.

ఎనిమిదేళ్ళకు మాస్టారు రిటైరయ్యారు. పొద్దున్నే నాకు చార్జి అప్పగించి, క్వారీ కూలీలకు చెప్పి రావడానికి అదే బండి ఎక్కబోయారు. ఆఫీసువాళ్ళు దండలు వేస్తూ, “రెండు నిమిషాలు ఆపవయ్యా, మాస్టారి కోసమేగా!” అన్నారు.

తొమ్మిదింబావైంది. జెండా ఊపేశాను.

మాస్టారు వెళ్ళిపోతున్న బండిని చూశారు, తర్వాత గడియారాన్ని చూశారు.

“టైముకే ఊపావోయ్!” అని అందరికీ వినబడేలా అని, మెడలో దండలతోనే పట్టాల పక్కన నడక మొదలుపెట్టారు.