మొదలాళి డ్యాము కింద నా ఆకుకూర మడి

మొన్న ఆదివారం మనవరాలు నన్ను కోయంబత్తూరు పక్కన తుడియలూరు అవతల కొత్తగా కట్టిన రిసార్టుకు తీసుకుపోయింది. అక్కడ ఒక చిన్న కట్ట, దాని వెనక నీళ్లు, నీళ్లలో రంగురంగుల పడవలు. పడవ ఎక్కే ముందు నా చీర మీదే నీళ్లలో తేలే జాకెట్టు ఒకటి తగిలించి పార్సిలు కట్టినట్టు బిగించారు. విసుక్కున్నాను గానీ నా చూపు జాకెట్టు మీద లేదు. కట్ట కింద ఊట ఉందా, ఉంటే ఆ నీళ్లు తేటగా వస్తాయా, మట్టి తెస్తాయా అని పడవాయనను అడిగాను. ఆయన తెల్లబోయాడు. "అవ్వా, చుమ్మా కూర్చో," అని మనవరాలు నా చెయ్యి నొక్కింది. ఒకసారి అలాగే రెండేళ్లు చుమ్మా, నోరెత్తకుండా, కూర్చున్నాను. ఆ సంగతే చెబుతాను.

మిల్లు సంగు, అదే సైరను, ఊదితే కోయంబత్తూరు లేచి ముఖం కడుక్కునే కాలం అది. మిల్లు యజమానిని మేమంతా మొదలాళి అనేవాళ్లం. ఆయన తన తోటలో వాగుకు అడ్డంగా సొంతానికి ఒక చిన్న డ్యాము కట్టించుకున్నాడు. పొలానికి నీళ్లకు కాదు, వచ్చిన చుట్టాలను పడవలో తిప్పడానికి. మట్టి కట్ట, ఒక ఇనుప తూము, రెండు పడవలు. మా ఆయనను మిల్లులోంచి తీసి దానికి కావలి పెట్టారు. కట్ట కిందే మా ఇల్లు. ఇంకా దిగువన మిల్లు కూలీల లైను ఇళ్లు.

ఆ కట్ట పోసింది మా పుట్టింటివాళ్లే. తరతరాలుగా బావులు తవ్వి, కట్టలు పోసి బతికినవాళ్లం. మూడో క్లాసుతో నా బడి అయిపోయింది, నాలుగో క్లాసు ఆ కట్ట మీదే చదివాను, తట్ట నెత్తిన పెట్టుకుని. చుట్టూ నల్లరేగడి. అది ఎండితే పగులుతుందని మా నాయన కొండ పక్కనుంచి బండ్ల మీద ఎర్రమట్టి తోలించి, కట్ట నడుమ పోసి, ఎద్దులతో తొక్కించి, దాని మీద రెండు వైపులా నల్లమట్టి కప్పాడు. పైనుంచి చూసినవాడికి లోపల ఎరుపున్నట్టు తెలియదు. మోసిన నెత్తికి తెలుసు.

పెళ్లై ఆ ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు కట్ట మూల ఒకచోట వేలెడు ఊట కనిపించింది. చల్లగా, తేటగా ఉంది. వెంటనే మా ఆయనతో చెప్పాల్సింది. నేనేం చేశాను? బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయని మనిషిని, ఊరకే పోతున్న నీటిని వదులుతానా? కాలువ గీసి మడి కట్టాను. తోటకూర, కొత్తిమీర, చామ. రెండేళ్లు అంగట్లో ఆకు కొనలేదు. నీళ్లెక్కడివంటే భూమిలో ఊట అన్నాను. శుక్రవారం శుక్రవారం మిల్లు మేనేజరు వచ్చి కట్ట ఎలా ఉందని అడిగేవాడు. మా ఆయన బాగుందనేవాడు, నేను ఒక కట్ట తోటకూర చేతిలో పెట్టేదాన్ని. మేనేజరు ఇంకేమీ అడగకుండా పోయేవాడు.

ఆ ఏడు ఆయుధపూజ మరునాడు మిల్లు కూలీల కుటుంబాలన్నిటినీ పడవ ఎక్కిస్తానని మొదలాళి మాటిచ్చాడు. లైను ఇళ్లకు పండగ మీద పండగ. ఆడవాళ్లు ముందుగా ఎవరు ఎక్కాలో వారం నుంచి పోట్లాడుకుంటున్నారు. వానలు బాగా పడి నీళ్లు కట్ట అంచుకు వచ్చాయి. పడవలకు బంతిపూలు కట్టారు. నాకూ కాలు నిలవలేదు, తట్టలు మోసినదాన్ని గానీ ఆ నీళ్ల మీద ఒక్కనాడూ తేలలేదు. పొద్దున్నే ఊట దగ్గర చెంబు ముంచాను. టీ నీళ్లలా ఎర్రగా వచ్చింది. వేళ్ల మధ్య రుద్దితే వెన్నలా మెత్తని మట్టి.

మా ఆయనకు చూపించాను. "వాన కాలంలో నీళ్లు కలక్కుండా ఉంటాయామే? ఈపొద్దు పోయి ఈ మాట తీస్తావా? నోరు మూసుకోని పేసామ ఉండు," అన్నాడు. ఆయనకు పని పోతుందని భయం. నాకూ అదే భయం, దాని కింద ఇంకో భయం, ఊట సంగతి దాచింది నేనేనని. అప్పటికే జనం పూజలో పెట్టిన పొరి, అదే బొరుగుల మూటలతో కట్ట ఎక్కుతున్నారు. ఇంకో చెంబు తెచ్చి పైన డ్యాములో ముంచి, రెండూ తీసుకుపోయి మొదలాళి కాళ్ల ముందు పెట్టాను. పై నీళ్లు బూడిద రంగు, కింది నీళ్లు ఎరుపు.

"చెరువు మట్టి నలుపండీ. ఈ ఎరుపు కట్ట కడుపులోది. లోపల కరిగిపోతా ఉండాది," అన్నాను.

ఆయన వంగి చూశాడు. "ఎన్నాళ్లుగా కారుతా ఉండాదమ్మా?"

చెంబులో ఎర్రమట్టి మెల్లగా అడుగుకు దిగింది. తర్వాత చెప్పాను. "రెండేండ్లు. మా ఆయనకు తెలీదు. తోటకూరకని నేనే చెప్పలే."

మేనేజరు ఎందుకో తల దించుకున్నాడు. మొదలాళి పడవలు ఒడ్డుకు లాగమన్నాడు, లైను ఇళ్లు ఖాళీ చేయమన్నాడు, తూము ఎత్తమన్నాడు. అది తుప్పు పట్టి కదల్లేదు. ఫిట్టర్లు దీపాల నూనె పోసి, పత్తి బేళ్ల తాళ్లు కట్టి, పూజకు బొట్లు పెట్టిన రెంచీలతోనే బిగించి తిప్పారు. జనం తాడు పట్టి లాగారు, నేనూ లాగాను. మూడోసారి కిర్రుమని లేచింది. నీళ్లు ఏనుగు అరిచినట్టు అరుస్తూ వాగులో పడ్డాయి. మధ్యాహ్నానికి డ్యాము సగం దిగింది, బురదలో చేపలు ఎగిరాయి. పడవ కోసం పోట్లాడిన ఆడవాళ్లే కొంగులు పరిచి చేపలు పట్టారు. అంత నవ్వు ఆ తోటలో మళ్లీ వినలేదు. ఊట ఉన్నచోట మా ఆయన చెయ్యి పెడితే భుజం దాకా పోయింది. చెయ్యి బయటికి తీసి, ఆ ఎర్రమట్టిని నా కొంగుకే తుడిచాడు.

మా నాయనే వచ్చి కట్ట మళ్లీ పోశాడు. ఊట ఆగింది, నా మడి ఎండింది, అంగట్లో తోటకూర కొన్నాను. పని పోలేదు గానీ, రోజూ పొద్దున కట్ట కింద చూసి చెప్పే పని మొదలాళి నాకే పెట్టాడు. మిల్లు మూతపడే దాకా చూశాను. ఇప్పుడక్కడ ఇళ్లు.

రిసార్టులో దిగేటప్పుడు కట్ట కింద చూశాను, పొడిగానే ఉంది. ఆనాడు మొదలాళి అడిగాక చెంబులో ఎర్రమట్టి అడుగుకు దిగేంతసేపు నిలబడ్డాను. ఇన్నేళ్ల బతుకులో అంత పొడుగు సేపు నాకు ఇంకొకటి లేదు.