తిరుగుతుంటే చూసిన కట్టరు

తెలంగాణ వచ్చిన ఆ కొత్త రోజుల్లో విలేకరి అంటే అన్నీ తెలిసినవాడని జనం నమ్మేవారు. జనం కంటే ముందు ఆ సంగతి నేను నమ్మాను. మక్తల్‌లో ఒక దినపత్రికకు వార్తలు రాస్తూ, కందుల ధర మొదలుకొని కర్ణాటక సరిహద్దులో బస్సు చెడిపోవడం దాకా దేన్నైనా ఒక్క చూపుతో తేల్చగలనని అనుకునే వయసు. మోత్కూర్‌లో వడ్రంగి కొట్టు నడుపుకునే మా బావ, అంటే అక్క భర్త, ఒకరోజు ఫోన్ చేశాడు. మీ మక్తల్‌లో ఒక ముసలి మిస్త్రీ పాత రందా మిషన్ అమ్ముతున్నాడట, పోయి చూడమన్నాడు. చేతిరందా తప్ప మరో రందా ఎరుగని నేను (అదీ దూరం నుంచే) వెంటనే ఒప్పుకున్నాను.

చెక్క అంచును నున్నగా తీసే యంత్రం అది. చెక్కను బల్ల మీద తోస్తుంటే, నడిమి సందులో బ్లేళ్లు బిగించిన ఇనుప దిమ్మ తిరుగుతూ పొట్టు లేపుతుంది. ఆ దిమ్మనే కట్టరు అంటారు. బావ ఒక్కటే చూడమన్నాడు. "బామ్మర్దీ, కట్టరు గుండ్రంగ ఉంటెనే తీస్కుందం. నాలుగు పలకలదైతే ఊకెనే ఇచ్చినా వద్దు." వెనకటి నాలుగు పలకల కట్టరులో మూలకూ మూలకూ నడుమ వేలు దూరేంత జాగా ఉంటుంది. బావ తండ్రి, నేను మామా అని పిలిచే పెద్ద మిస్త్రీ, ఎడమచేతి చూపుడువేలు సగం అలాంటిదానికే ఇచ్చుకున్నాడు.

అందరూ చాచా అని పిలిచే ఆ ముసలి మిస్త్రీ నన్ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, స్విచ్ వేశాడు. టేకు ముక్క అద్దంలా బయటికొచ్చింది. నేను నోట్‌బుక్ తీసి మోటారు రంగు, బెల్టు ఎప్పుడు మార్చింది, చాచా ఏ వయసులో ఈ పనికి వచ్చింది, ఆయన పిల్లి రోజూ ఏ వేళకు వస్తుంది, అన్నీ రాసుకున్నాను. సందులోకి తొంగిచూస్తే కట్టరు నిగనిగలాడుతూ గుండ్రంగా కనిపించింది. బయటికొచ్చి బావకు ఫోన్ చేసి "గుండ్రమే" అన్నాను, ప్రత్యేక ప్రతినిధి గొంతుతో.

బేరం కుదిరి, మూడోరోజు మిషన్ డీసీఎం వ్యాను ఎక్కింది. దానికంటే ముందే బస్సులో నేను మోత్కూర్ చేరుకున్నాను, మెచ్చుకోలు కోసం. అక్క వడ్డించిన అన్నం తింటుంటే, పక్కన భోంచేస్తున్న మామ సగం వేలితో పెరుగు గిన్నె నావైపు జరిపాడు (కావాలని కాదు, ఎంగిలి కాని చెయ్యి అదే). జరిపి, మెల్లగా అడిగాడు.

"అల్లుడా, కట్టరు ఆపి చూసినవా, తిరుగుతుంటె చూసినవా?"

"ఆపే చూసిన మామా" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను.

"మంచిగైంది. తిరుగుతుంటె నాలుగు పలకలది గూడ గుండ్రంగనే కనవడ్తది. ఫ్యాను రెక్కలు లెక్కవెట్టొస్తదా మరి?"

తలెత్తి చూశాను. మా నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. లెక్కపెట్టడానికి ప్రయత్నించాను కూడా.

పొద్దు వాలకముందే మిషన్ దిగింది. అక్క దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. బావ వైరు కలిపి, తలుపు చెక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అంతసేపూ నేను ఆయన వేళ్లు లెక్కపెడుతున్నాను. పదీ ఉన్నాయి. అనుమానం తీరక మళ్లీ లెక్కపెట్టాను. ఎడమచెయ్యి చెక్క మీద ఆన్చి, కుడిచెయ్యి స్విచ్ వైపు చాపుతుంటే నా నోట్లోంచి మాట ఊడిపడింది.

"ఆగు బావా. నేను ఆపి చూడలే."

అక్క "ఏంది తమ్మీ" అని గొణిగింది. మామ వచ్చి వైరు ఊడబీకి, సందు మీది రేకు జరిపి, కట్టరును చేత్తో మెల్లగా తిప్పాడు. ఒక బ్లేడు వచ్చింది. ఆ తర్వాత చదునైన పలక రావాలి. రాలేదు. వంపు తిరిగిన నున్నటి ఇనుము, మళ్లీ బ్లేడు, మళ్లీ అదే వంపు. మూడు బ్లేళ్ల గుండ్రటి కట్టరు. నేను అక్కడే పొట్టు కుప్ప మీద కూలబడ్డాను. అంత హాయిగా ఏ పరుపు మీదా ఇంతవరకు కూర్చోలేదు.

మామ చేతులు దులుపుకున్నాడు. "గుండ్రమన్నవు, నిజమైంది. ఆపి చూసిన అన్నవు, అబద్ధమైంది. నిజం ఆ చాచా మిషన్‌ది, అబద్ధమొక్కటే నీ సొంతం అల్లుడా."

ముందు బావ నవ్వాడు, తర్వాత అక్క. చీకటిపడేదాకా బావ చెక్కలు తోస్తుంటే నేను పక్కన నిలబడి, ఎవరూ చెప్పకుండానే పొట్టు ఎత్తాను. ఆ మిషన్ ఇంకా నడుస్తూనే ఉంది, బావ వేళ్లు పదీ ఉన్నాయి. ఆనాటి ఆ కుర్ర విలేకరి ఇప్పుడు ఎదురుపడితే నాలుగు మాటలు అనాలనే ఉంటుంది. కానీ మెచ్చుకోలు మీది ఆశతో అంత దూరం బస్సెక్కాడు కాబట్టే, ఆగమని చెప్పడానికి ఆ వేళకు అక్కడ ఉన్నాడని గుర్తొచ్చి ఊరుకుంటాను.