స్ప్రింగుల కుర్చీలో కొండకి

సోఫాలు కుట్టే అతనికి ఆ వారమంతా కాలు ఒకచోట నిలవలేదు. ఆదివారం ఇంటిల్లిపాదీ కొండమీది మ్యూజియానికి వెళ్ళాలి. అక్కడ అద్దాల పెట్టెలు ఉండవు. ఎక్కడెక్కడో కూల్చెయ్యబోయిన పాత ఇళ్ళని చెక్క చెక్కా విప్పి, పైకి మోయించి, ఆరుబయట మళ్ళీ నిలబెట్టారు. వాటిలో ఒకటి అతని తల్లి పుట్టిన ఇల్లు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు విప్పి తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఆమె దాన్ని చూడలేదు.

"ఇల్లు పీకి పందిరెయ్యడం విన్నాను గానీ బావా, ఇల్లు పీకి కొండెక్కించడం ఇప్పుడే వింటున్నా," అన్నాడు బావమరిది. బావ కుట్టిన సోఫాల్ని బావతో కలిసి మెట్లెక్కించడం ఇతని పని.

భార్య మ్యూజియానికి ఫోన్ చేసింది. మాట్లాడుతుండగానే ఆమె మొహం వాడింది.

"బళ్ళు కింద వరకేనట. పైకి మెట్లేనట."

ముగ్గురూ తల్లి మోకాళ్ళ వంక చూశారు. ఆమె వాటిమీద దుప్పటి లాక్కుంది.

"మీరెళ్ళి రండి. వంటింటి కిటికీ ఉందో లేదో చూసొచ్చి చెప్పండి, చాలు. అమ్మ చూడకుండా అందులోంచే దూకేదాన్ని."

ఆమె లేకుండా ఆ కిటికీ ముందు నిలబడడం అతను ఊహించుకున్నాడు. అమ్మకి పెట్టకుండా తనొక్కడే తిన్నట్టనిపించింది.

"కుర్చీలో కూర్చోబెట్టి మేం మోస్తాం అమ్మా. మూడు సీట్ల సోఫాని అయిదో అంతస్తు ఎక్కించిన వాళ్ళం. నువ్వెంత?"

"సోఫాకి నోరు లేదురా, నాకుంది. దారి పొడుగునా జనం. అదిగో ముసల్దాన్ని మోసుకొస్తున్నారు అంటారు. నేను రాను."

"రోగిష్టి కుర్చీలా ఉండదు. మహారాణి కుర్చీలా చేస్తా."

"చెయ్యి. నువ్వే కూర్చో."

అంతే, కొట్లో మిగతా పనులు మూల పడ్డాయి. గట్టి చెక్కతో చట్రం కట్టాడు. మొయ్యడానికి ఇరువైపులా బొంగులు బిగించాడు. మందమైన స్పాంజి వేసి పైన రెగ్జిన్ లాగి మేకులు కొట్టాడు. అడుగున, చెయ్యి అలవాటు కొద్దీ, మేలు రకం స్ప్రింగులు పెట్టాడు. స్ప్రింగు లేని సీటు అతని దృష్టిలో పీట. కన్నతల్లిని పీటమీద కొండెక్కిస్తాడా?

శనివారం సాయంత్రం మేడమెట్ల దగ్గర పరీక్ష. కోడలు బతిమాలగా బతిమాలగా ఆమె దిగొచ్చింది.

"ఒక్క అంతస్తు అత్తయ్యా. నచ్చకపోతే మళ్ళీ ఎవరూ అడగరు."

"మాటంటే మాటేనా?"

"మాటే."

ఆమె కూర్చుంది. వీపు నిటారుగా పెట్టి, పెదవులు బిగించి, పన్ను పీకించుకోబోయే మనిషిలా కూర్చుంది. బావ ముందు, బావమరిది వెనక. ఎత్తారు.

మొదటి మెట్టుకి ఆమె జానెడు పైకి లేచి కింద పడింది. రెండో మెట్టుకి ఇంకాస్త లేచింది. సోఫాలు మోసి మోసి ఇద్దరి భుజాలూ కాయలు కాశాయి గానీ, మనిషి కూర్చునుండగా సోఫాని మోసింది ఎన్నడూ లేదు. మూడో మెట్టు మీద వెనకనుంచి ఒక వింత చప్పుడు వినబడింది. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"దించరా! అమ్మ ఏడుస్తోంది!"

"ఏడుపెక్కడిది బావా! అత్తయ్య నవ్వుతోంది!"

నవ్వు కాదు అది, కేరింత. అడుగు పడ్డప్పుడల్లా తెగి, మళ్ళీ అతుక్కుంటోంది. పక్కవాటాల తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. మలుపు దగ్గర దించేసరికి ఆమె జుట్టు ముడి ఊడింది, కళ్ళద్దాలు గడ్డం కిందికి జారాయి.

అతను సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఇన్నేళ్ళ పనితనం గంగలో కలిసింది.

"పొరపాటైందమ్మా. ఇప్పుడే స్ప్రింగులు పీకేస్తా. మెత్తగా, కదలకుండా చేస్తా."

"స్ప్రింగు మీద చెయ్యి వేశావో, రేపు నేను రాను."

"అయితే వస్తావా?"

"తిక్కల వెధవా, ముందు పైదాకా పద. సగంలో దించేస్తారా?"

బావమరిది కూలబడ్డాడు. "అత్తయ్యా, మీరెగిరి పడ్డప్పుడల్లా నా భుజం దిగిపోతోంది."

"సోఫా అనుకో నాయనా."

కోడలికి నవ్వాగడం లేదు. అయినా భయం భయమే. కొండ మెట్లమీద ఇలాగే ఎగిరితే కింద లోయలో తేలుతుంది మనిషి. నడుముకి పట్టీ ఒకటి కుడతానంది. కొట్లోంచి రెగ్జిన్ ముక్కలు తెచ్చి అత్తగారి ఒళ్ళో పరిచింది. నలుపు, గోధుమ, ఎరుపు.

"గోధుమరంగు బావుంటుంది అత్తయ్యా. కుర్చీలో కలిసిపోతుంది. ఎవరికీ కనబడదు."

ఆమె ముక్కలన్నీ పక్కకి నెట్టి ఎర్రది తీసుకుంది. నడుముకి చుట్టి చూసుకుంది.

"ఇది కుట్టు. వెడల్పుగా కుట్టు. కొండ కిందవాళ్ళకి కూడా కనబడాలి."