రేంజిలో జెండా కదలలేదు

2023లో అమలాపురం దగ్గర ఓ చిన్న రైఫిల్ క్లబ్బులో కోచ్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. చదివింది ఇంటరే. బులెట్ గురించి తెలిసిందంతా శాఖా గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే. ఆ మాట పిల్లలకి రోజూ చెప్పుకునేవాణ్ణి.

మా రేంజి కొబ్బరితోటలో ఉంది. కాల్చే చోటుకి ఎదురుగానే కాలవ. అవతలి గట్టున, చెట్ల మధ్య, యాభై మీటర్ల దూరంలో టార్గెట్. పది మార్కుల వృత్తం చొక్కా గుండీ అంత ఉంటుంది.

నా దగ్గర నేర్చుకునే సువార్తకి అది జూనియర్స్‌లో ఆఖరి ఏడాది. ఆ ఏడాది సెలక్షన్ తప్పితే రాష్ట్ర జూనియర్ జట్టులో ఇక చోటు లేదు. వాళ్ళ నాన్న ఏసురత్నం గారు పడవ నడుపుతారు. రోజూ సాయంత్రం ఆయనే తీసుకొచ్చేవారు.

ఆమె గుళ్ళన్నీ ఎడమకే పడేవి. గాలి తెలియడానికి టార్గెట్ పక్కన కట్టిన జెండా కదిలేది కాదు. రైఫిల్‌దే లోపమనుకుని సైట్, అంటే గురి చూసే పరికరం, తిప్పి గుళ్ళని మధ్యకి తెచ్చాను. ఇక దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. ఆయ్, అంది.

సెలక్షన్ వేరే ఊళ్ళో, గాలి లేని పొద్దున్న జరిగింది. గురి సరిచూసుకోవడానికి ముందుగా కాల్చనిచ్చే ప్రాక్టీస్ గుళ్ళు కుడికి పడ్డాయి. పోటీ గుళ్ళూ కుడికే. మధ్యలో మాట్లాడకూడదు కాబట్టి వెనక నిలబడి చూశాను. అయిపోయాక సైట్ ఎందుకు తిప్పలేదని అడిగాను.

"మీరు ముట్టుకోవద్దన్నారు కదండీ మాస్టారూ."

ఏసురత్నం గారు కోప్పడలేదు. అదే ఎక్కువ కష్టమనిపించింది.

"సాయంత్రం కాలవ మీద గాలి మా పడవనే పక్కకి తోసేత్తాదండి. మీరేమో జెండా చెట్ల చాటున కట్టేరు. దానికేం తెలుత్తాదండీ?"

బులెట్ బయల్దేరిన చోట తగిలిన గాలే ఎక్కువ చెరుపు చేస్తుంది. మొదట్లో పక్కకి పడ్డ తోపు చివరిదాకా దూరం పెంచుకుంటూ పోతుంది. ఇది నేను పుస్తకంలో రెండుసార్లు చదివాను. బోర్డు మీద గీసి సువార్తకే చెప్పాను కూడా.

సువార్త మళ్ళీ రైఫిల్ పట్టలేదు. కాలవ గట్టున ఇప్పుడు ఇంకో జెండా ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారమే సైట్ తిప్పడం నేర్పుతున్నాను. నా మాట తప్పని కళ్ళకి కనబడుతున్నప్పుడు దాన్ని దాటెయ్యమని కూడా నేర్పాలి. అది మాత్రం, నిజం చెప్పాలంటే, నాకింకా సరిగా రాలేదు.