దుమారం నేర్చుకున్న నిదానం

మా వదిన దర్జీ. ఆవిడ మెడలో టేపు లేకుండా నేను చూసింది పెళ్లి ఫొటోలో మాత్రమే. ముందుగదిలో కిటికీ పక్కన మిషన్ వేసుకుని బడి పిల్లల యూనిఫారాల దగ్గర్నుంచి పక్కవాళ్ల కర్టెన్ల దాకా కుడుతుంది. మనిషి బహు నెమ్మది. నాలాంటి ముక్కుమీద కోపం ఉన్నదానికి ఆవిడ పక్కన కాసేపు కూర్చుంటే ఒళ్లు మండుకొస్తుంది.

అలాంటి మనిషి ఇంట్లోకి మా అన్నయ్య ఒక గోల్డెన్ రిట్రీవర్ కుక్కపిల్లని తెచ్చి వదిలాడు. దాని చేష్టలు చూసి అందరం దుమారం అనే పిలిచాం. అన్నయ్య ఆయిల్ ట్యాంకర్ నడుపుతాడు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. తెచ్చిన పుణ్యం ఆయనది, పెంచే పాపం వదినది.

దాన్ని చెడగొట్టింది మాత్రం మా అమ్మే. సాయంత్రం కుర్చీలో కూర్చుని భుజం చరుచుకుని "రారా" అనేది. అది ముందుకాళ్లు ఆవిడ భుజాలమీద వేసి ముఖమంతా నాకేది. బిస్కెట్టు దొరికేది. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం. అది దూడంత అయిందన్న సంగతి అమ్మకీ తట్టలేదు, దానికీ తట్టలేదు. ఒకరోజు అమ్మ నిలబడే భుజం చరిచింది. దుమారం ఎగిరింది. అమ్మ వెల్లకిలా పడింది, తుంటి ఎముక విరిగింది.

డాక్టరు అడిగితే అమ్మ స్నానాలగదిలో జారానని చెప్పింది. కుక్కని పంపించేస్తారని ఆవిడ భయం. వదిన అక్కడ నోరు మెదపలేదు గానీ, బయట మెట్లమీద నాకు ఉన్నదున్నట్టు చెప్పింది. నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను.

"మళ్లీ పడితే ఇక నడవడం కష్టమన్నాడు డాక్టరు, విన్నావుగా. దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్, లేకపోతే అమ్మని నేను తీసుకుపోతా."

"మీ ఇంటి మెట్లు అత్తయ్య ఎక్కలేరు. ఎక్కినా అక్కడ ఉండలేరు, ఆవిడ ప్రాణమంతా ఇక్కడే," అంది వదిన. "ఆపరేషన్, నడక వ్యాయామాలు అయి ఆవిడ ఇంటికొచ్చేలోపు దానికి నేర్పుతా. రాకపోతే గొలుసు నీ చేతికే ఇస్తా."

ఆపరేషన్ తర్వాత అమ్మని కొన్ని వారాలు నడక నేర్పే కేంద్రంలో ఉంచారు. ఇక్కడ వదిన అవస్థ మొదలైంది. కూర్చోమంటే అది ఆటనుకునేది. అరిస్తే ఇంకా ఎగిరేది. ఆఖరికి వదినే కనిపెట్టింది. మనిషిని చూడకముందే, మిషన్ చప్పుడు ఆగగానే దానికి పూనకం వస్తోంది. ఎవరైనా వస్తే తప్ప ఆ మిషన్ ఆగదు మరి.

దాంతో ఆవిడ ఊరికే మిషన్ ఆపడం మొదలుపెట్టింది. తొక్కడం ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూసేది. దుమారం చుట్టూ గంతులేసి, గుడ్డలు లాగి, అలిసి పడుకునేదాకా కన్నెత్తి చూసేది కాదు. పడుకున్నాక ఒక బిస్కెట్టు ముక్క, మళ్లీ మిషన్. బడులు తెరిచే రోజులు, యూనిఫారాలు కుప్పలు పడ్డాయి, జనం చివాట్లు పెట్టారు. నన్ను గుమ్మంలో నిలబెట్టి కూడా నేర్పింది. మొదటిసారి అది నా జాకెట్టు చెయ్యి చింపింది. వదిన అక్కడే కుట్టి ఇచ్చి, మళ్లీ బయటికెళ్లి రమ్మంది. ఆ నిదానానికి నాకు పిచ్చెక్కింది.

"దీని గురించి నాకు బెంగ లేదు. అత్తయ్య చెయ్యి ఊరుకుంటుందా అనే," అంది ఒకరోజు.

కేంద్రానికి వెళ్లి భుజం చరచొద్దని అమ్మకి చెప్పింది కూడా. "ఆమాత్రం నాకు తెలీదా," అని అమ్మ మూతి ముడిచింది.

అమ్మ ఇంటికొచ్చిన రోజు గొలుసు నా చేతిలోనే ఉంది. కుక్కని తీసుకోమని తోట ఉన్న స్నేహితురాలికి ముందే చెప్పి ఉంచాను. అమ్మ వాకర్ పట్టుకుని గుమ్మం దాటింది. వదిన మిషన్ ఆపింది. దుమారం తన గోనెపట్టా మీద పడుకుంది. ఒళ్లంతా వణుకుతోంది, తోక నేలని బాదుతోంది, లేవలేదు.

అమ్మ గది మధ్యదాకా వచ్చి ఆగింది. "నన్ను మర్చిపోయిందే," అంది. కళ్లనిండా నీళ్లు.

"మర్చిపోలేదు అత్తయ్యా."

"మరి రాదేం?" అంటూనే అమ్మ ఒక చెయ్యి వాకర్ మీంచి తీసి భుజం చరిచింది. "రారా."

దుమారం సగం లేచింది. అమ్మని చూసింది, వదినని చూసింది. వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకేసే చూస్తోంది. కుక్క సన్నగా మూలిగి మళ్లీ పడుకుంది. దాని కింద నేల తడిసింది. పిల్లప్పుడు తప్ప అది ఇంట్లో ఎన్నడూ ఆ పని చెయ్యలేదు.

అమ్మ ఆ తడి చూసింది. చెయ్యి మెల్లగా వాకర్ మీదికి తెచ్చుకుంది.

"అమ్మాయ్," అంది వదినతో. "దానికి వచ్చింది. నాకే రాలేదు. నాకూ నేర్పు."

వదిన గుడ్డపేలికలు తెచ్చి నేల తుడిచింది. తుడుస్తూ ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. నేను గొలుసు తలుపు వెనక మేకుకి తగిలించాను.

దుమారం ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. సాయంత్రం వదిన మిషన్ ఆపితే అది గోనెపట్టా మీద, అమ్మ కుర్చీలో, ఇద్దరూ కదలకుండా ఒకరినొకరు చూసుకుంటారు. నేను మాత్రం ముందు అమ్మ చేతులు చూస్తాను.